గోదాములకు ఓట్లు వేసిన ఆదివారం

ఒకే సంగతి మీద ముగ్గురు మీకు మూడు మాటలు చెబితే, ఎవరి మాట ముందు వినాలో మీరెప్పుడైనా ముందుగానే తేల్చుకున్నారా? తేల్చుకున్నామని తొందరపడి చెప్పకండి. ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు ఒకటి చెబుతాడు, పక్కింటావిడ ఒకటి చెబుతుంది, పొద్దున్నే టీవీలో కూర్చునే జాతకాలాయన ఇంకొకటి చెబుతాడు. మీరు ఆ ముగ్గురినీ తూకం వేసి చూశారా, లేక చివర ఎవరు చెప్పారో వాళ్ల మాట పట్టుకుని నడిచారా?

మా నాయన చివరి మాట పట్టుకునే మనిషి. ఐరాల దగ్గర మా మామిడి తోటలో బోరు వేయించాలనుకున్నప్పుడు నీళ్ల జాడ పట్టడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే ఆయన ఒక చోటు చూపించాడు. భూగర్భ జలాల పని చేసి రిటైరైన ఇంజనీరు ఇంకో చోటు చూపించాడు. బండి వచ్చిన రోజు పక్క తోటాయన టీ తాగుతూ, 'ఆ మూల వేయించప్పా, మా బోరు ఆ వాటంలోనే పడింది' అన్నాడు. బండి ఆ మూలకు పోయింది. సాయంత్రం దాకా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఆయన నమ్మింది టెంకాయనూ కాదు, శాస్త్రాన్నీ కాదు. ఆఖరున చెవిలో పడినదాన్ని నమ్మాడు. మూఢనమ్మకాల మీద నేను ఎన్నో వేదికలెక్కి మాట్లాడాను కానీ, ఈ రకాన్ని మూఢనమ్మకమని పిలవాలని నాకు చాలాకాలం తోచలేదు. కంప్యూటర్లు కూడా మా నాయన లాగే ప్రవర్తించగలవని తెలిసిన రోజున తోచింది. అప్పటికి ఒక మనిషి చదువు మూగబోయింది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన మాట ఇది. నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. సాయంత్రాలు మా హేతువాద సంఘం నడిపే చదువుల గదిలో ఉండేవాణ్ణి. బస్టాండు వెనక వీధిలో, టిఫిన్ హోటలు మీద అద్దెకు తీసుకున్న గది అది. కిటికీలోంచి చూస్తే మొక్కు తీర్చుకుని కొండ దిగి వచ్చిన భక్తుల గుండ్ల వరస కనిపించేది. లోపల మేము దేవుడు లేడని వాదించుకునేవాళ్లం. కింద హోటలాయన మా ఇద్దరికీ, అంటే వాళ్లకూ మాకూ, ఒకే పిండితో దోసెలు పోసేవాడు.

ఆ గదిలో ఎవరో దానమిచ్చిన కంప్యూటరు ఒకటి ఉండేది. దాన్ని అందరికంటే ఎక్కువ వాడింది మా సంఘం సభ్యులు కాదు. సత్యవేడు దగ్గరి ఊరి నుంచి వచ్చి, తిరుపతి హాస్టల్లో ఉంటూ బి.ఎడ్. పూర్తి చేసిన ఒక యువతి. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. బ్రెయిలీలో దొరికిన పుస్తకాలు పాత సిలబస్‌వి. అంతకుముందు ఆమె చెల్లెలు పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించేది. ఆ చెల్లెలికి శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్లిపోయింది. అప్పుడు మావాళ్లు నలుగురు కూర్చుని కొత్త పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి తెలుగులో టైపు చేశారు. కంప్యూటరు ఆ అక్షరాలను గొంతుగా మార్చి ఆమెకు చదివి వినిపించేది. డబ్బు పెట్టి కొనే ప్రోగ్రాములు మా శక్తికి మించినవి గనుక ఉచితంగా దొరికే లినక్స్ పెట్టాం. ఆ గొంతు ముక్కుతో మాట్లాడేది, ఒత్తుల దగ్గర తట్టుకునేది. ఆమె దాన్ని మామ అని పిలిచేది.

'మామకు ఈ పొద్దు జలుబు చేసినట్టుండాదన్నా, సంయుక్తాక్షరాలన్నీ మింగేస్తాండాడు' అనేది.

ఆమె మామను ఎంత వేగంగా చదివించుకునేదో మీరు ఊహించలేరు. ఆ వేగానికి మాకు అది వడగళ్లు రేకుల మీద పడుతున్న చప్పుడు లాగ వినిపించేది. ఆమెకు అందులో ప్రతి వాక్యమూ విడివిడిగా అర్థమయ్యేది. మామూలు మనిషి చదివి వినిపిస్తే పట్టే కాలంలో నాలుగో వంతుకే పాఠం అయిపోయేది. పరీక్ష దగ్గర పడింది. పుస్తకాలు చాలా మిగిలి ఉన్నాయి. ఆమెకున్న పెట్టుబడి అంతా ఆ వేగమే.

ఇక గోదాముల సంగతి. లినక్స్‌లో ప్రోగ్రాములను దుకాణంలో కొని తెచ్చుకోం. ఇంటర్నెట్‌లో వాటిని పేర్చిపెట్టిన చోట్లు ఉంటాయి. రిపాజిటరీలంటారు. సంఘంలో అందరికీ అర్థం కావాలని నేను గోదాములు అనేవాణ్ణి. ఒక్కో ప్రోగ్రాం ఒక మూట, అదే ప్యాకేజీ. మన కంప్యూటరుకు ఫలానా గోదాముల దగ్గరికి పొమ్మని చెప్పిపెడతాం. అప్‌డేట్ చెయ్యమంటే అది అన్ని గోదాములూ తిరిగి, ఒకే పేరున్న మూట రెండు చోట్ల కనిపిస్తే, దేని మీద కొత్త నంబరు ఉంటే దాన్ని తెచ్చుకుంటుంది. మంచిదా, మనకు పనికొచ్చేదా అని చూడదు. కొత్తదా అని మాత్రమే చూస్తుంది.

మా కంప్యూటరుకు అప్పటిదాకా రెండే గోదాములు. ఒకటి ఆ లినక్స్ తయారుచేసినవాళ్లది, పెద్దది, ప్రధానమైనది. రెండోది తెలుగు మీద ప్రేమతో ఎవరో కొద్దిమంది కూర్చుని నడుపుతున్న చిన్న గోదాము. మామ గొంతు అక్కడిదే. ఇంతలో మా ఉపన్యాసాల రికార్డింగులు కంప్యూటర్లో వినాలని సంఘం తీర్మానించింది. అవి వినిపించే మూటలు మూడో గోదాములో ఉన్నాయి. పాటలూ శబ్దాలూ ఎక్కువగా ఉండే గోదాము అది. దాని యజమానులకు కొత్తదనం మీద మోజు. అన్ని మూటలనూ అందరికంటే ముందు కొత్త చేసి పెట్టేవాళ్లు. గొంతు ప్రోగ్రాం కూడా అక్కడ ఉంది, మా దానికంటే కొత్త నంబరుతో. అందులో తెలుగు మాత్రం లేదని మాకు తర్వాత తెలిసింది.

ఆ కొత్త నంబరు చూసినప్పుడే మామకు ఏమవుతుందోనని నాకు అనుమానం వచ్చింది. ఉపాయం లేకపోలేదు. గోదాములకు వరుస నంబర్లు ఇచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. ఒకటో నంబరు గోదాము మాట అన్నిటికంటే ముందు. తొంభై తొమ్మిదో నంబరుది అందరికంటే చివర. పై వరుస గోదాములో ఒక మూట ఉంటే, కింది వరుసలో అదే పేరుతో ఎంత కొత్తది ఉన్నా కంప్యూటరు దాని వైపు చూడదు. నంబర్లు ఇవ్వకపోతే అన్నీ సమానం. సమానమైతే కొత్తదే గెలుస్తుంది.

మామూలు ఆఫీసులో అయితే నేను ఆ నంబర్లు రాసేసి ఇంటికి పోయేవాణ్ణి. మా సంఘంలో అలా కుదరదు. చదువుల గదిలో కుర్చీ జరపాలన్నా తీర్మానం కావాలి. ప్రతిపాదించేవాడు ఒకడు, ఎదిరించేవాడు ఒకడు, ఆపైన చేతులెత్తడం. ఒక్కడి మాట చెల్లే చోటు మూఢత్వం మొలుస్తుందని మా నమ్మకం. తీర్మానం నెగ్గితే ప్రతిపాదించినవాడే అందరి ఎదుటా దాన్ని అమలు చెయ్యాలి. మాటకూ చేతకూ మధ్య సందు ఉండకూడదని పెట్టుకున్న నియమం. ఆ నియమాలను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అవే ఆ రోజు మమ్మల్ని ముంచాయి.

ఆదివారం సమావేశంలో నేను లేచి గోదాములకు వరుస ఇవ్వాలని ప్రతిపాదించాను. ప్రధాన గోదాముకు ఒకటి, తెలుగు గోదాముకు పది, పాటల గోదాముకు ఇరవై. మా సంఘానికి పెద్ద దిక్కు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు. సహపంక్తి భోజనాలు పెట్టించి ఊళ్లో రాళ్లు తిన్న మనిషి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లేచాడు.

'ఏమప్పా, ఒకటో నంబరు, పదో నంబరు అని గోదాములకు కులాలు కడతాండావా?'

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

'కులం కాదు సార్. ఎవరి మాట ముందు వినాలనే వరుస.'

'ఆ వరస మీదనే గదా మనం ఇన్నేండ్లు కొట్లాడినాం. పైవాడు మాట్లాడితే కిందోని మాట చెవిన బెట్టకూడదంట. ఎంత మంచిదైనా సరే, చూడను గూడా చూడదంట. ఇది మనువు రాసినదా, నువ్వు రాసినదా?'

సభ్యుల్లో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. మాటకు ముందు చమత్కారం వచ్చే మనిషి. 'సార్, మా బస్సులో గూడా ముందు సీట్లు ఆడోళ్లకు అని రాసి పెట్టినారు. అది గూడా మనువేనా?' అన్నాడు.

'నువ్వు కూర్చోప్పా. నువ్వు ఆ సీట్లో ఆడోళ్లను ఎప్పుడు కూర్చోబెట్టినావో ముందు అది చెప్పు.'

మళ్లీ నవ్వులు. నేను బోరు కథ చెప్పాను. కొత్తగా వచ్చిన మాటే నిజమనుకోవడం పాతది పవిత్రమనుకోవడం లాంటి జబ్బేనని వాదించాను. నా వాదన బాగానే ఉందని ఇద్దరు ముగ్గురు తలలూపారు. కానీ హెడ్‌మాస్టరు మాటలో ఉన్న వేడి నా మాటలో లేదు. సమానత్వం అనే మాట ఒకసారి గదిలో లేచాక దానికి ఎదురుగా చెయ్యెత్తే ధైర్యం మావాళ్లలో ఎవరికుంటుంది? అన్ని గోదాములూ సమానమని ఆయన పెట్టిన తీర్మానం నెగ్గింది. కండక్టరు ఒక్కడే నాతో పాటు దానికి ఎదురుగా చెయ్యెత్తాడు. అది కూడా సార్‌ను ఉడికించడానికేమో.

నియమం ప్రకారం ఆయనే అమలు చెయ్యాలి. మూడో గోదామును చేర్చి అప్‌డేట్ మొదలుపెట్టాం. తెర మీద ఇంగ్లీషు పేర్లు బారులు తీరాయి. వీటిని తెమ్మంటావా, వద్దంటావా అని కంప్యూటరు చివర ఒక ప్రశ్న వేసి ఆగింది. అవునంటే వై, కాదంటే ఎన్.

'ఆ పేర్లు ఒకసారి చూద్దాం సార్' అన్నాను.

'చూసి ఏం చేస్తావప్పా? తీర్మానం అయిపోయినాది గదా' అని ఆయన వై నొక్కాడు.

అర్థం తెలియని మంత్రానికి తల ఊపవద్దని జీవితమంతా ఊరూరా తిరిగి చెప్పిన మనిషి ఆయన. ఆయన వేలు ఆ మీట మీద పడినప్పుడు నాకు కలిగిన భయాన్ని భయమని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. రుజువు లేని భయాన్ని నేను ఎవరి దగ్గరా ఒప్పుకోను, నా దగ్గర కూడా. రికార్డింగు చక్కగా మోగింది. హెడ్‌మాస్టరు ఉపన్యాసమే అది. అందరూ చప్పట్లు కొట్టి దోసెలకు దిగారు.

మర్నాడు పొద్దున ల్యాబులో ఉండగా ఫోను వచ్చింది.

'అన్నా, మామ నోరు తెరవడం ల్యా.'

'శబ్దం తగ్గిపోయిందేమో చూడమ్మా.'

'శబ్దం ఉండాది. పేజీ నంబర్లు మాత్రం ఇంగ్లీషులో చెప్తాండాడు. ఫోర్టీన్ అంటాడు, ఊరుకుంటాడు. మల్ల ఫిఫ్టీన్ అంటాడు. నడుమ పాఠం యాడ బొయినాది?'

సెలవు చెప్పి పరుగెత్తాను. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విన్నాను. ఆమె చెప్పింది నిజం. నిండా అక్షరాలున్న పేజీ తెర మీద కనిపిస్తోంది. ఆ పేజీ అంతటికీ చెవిలో వినిపిస్తున్నది ఒక అంకె. తర్వాత ఖాళీ. తర్వాత ఇంకో అంకె. చూపున్నవాడికి ఆ ఖాళీ పెద్ద సంగతి కాదు, కళ్లతో చదువుకుంటాడు. ఆమె వేళ్లు మీటల మీద ఆగిపోయి ఉన్నాయి. 'పరీక్షకు ఇంకా ఎంత చదవాల్నో తెలుసా అన్నా' అని నెమ్మదిగా అడిగింది. కోపంగా అడిగితే బాగుండేది.

హెడ్‌మాస్టరు వచ్చాడు. నంబర్లు ఇవ్వాలంటే మళ్లీ తీర్మానం కావాలి, ఆదివారం దాకా ఆగుదామా అని నసిగాడు. ఆయన అన్నది అడ్డు పెట్టాలని కాదు. నియమం ఒకసారి విడిస్తే మళ్లీ నిలవదని ఆయన భయం.

ఆమె ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగింది. 'సార్, నా పరీక్ష మీ ఆదివారం కోసరం ఆగుతాదా?'

ఆయన నా వైపు చెయ్యి ఊపి పని చూడమన్నాడు.

నేను ఆదివారం ఓడిపోయిన నా వరుసనే పెట్టాను. ప్రధాన గోదాము ఒకటి, తెలుగుది పది, పాటలది ఇరవై. తెలుగు రాని కొత్త గొంతును తీసేసి, మళ్లీ గొంతు తెమ్మని అడిగాను. మా నెట్టు అప్పట్లో ఎండాకాలం బోరు నీళ్లలా వచ్చేది. సగంలో కరెంటు పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మూట వచ్చింది. ఆమె చెవులకు పెట్టుకుంది. నేను ఆమె ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను.

'సిక్స్‌టీన్' అంది ఆమె. మామ చెప్పిందే చెప్పింది.

గోదాముల జాబితా తెరిచాను. చూస్తే, గొంతు ప్రోగ్రాం ప్రధాన గోదాములో కూడా ఉంది. పాతది, అందులోకి తెలుగు చేరకముందుది. నేను ప్రధాన గోదాముకు ఒకటో నంబరు ఇచ్చాను గనుక, కంప్యూటరు నా మాట తు.చ. తప్పకుండా విని, తెలుగు గోదాము వైపు కన్నెత్తి చూడకుండా, ఆ పాత మూటను తెచ్చి పెట్టింది. పైవాడు మాట్లాడితే కిందివాడి మాట చెవిన పడదు. హెడ్‌మాస్టరు అన్నది అక్షరాలా జరిగింది. అందరూ సమానమన్న ఆయన తీర్మానం కొత్తదాన్ని నెత్తిన పెట్టింది. పెద్దది గనుక అన్నిటా దానిదే పైచెయ్యి అన్న నా వరుస పాతదాన్ని నెత్తిన పెట్టింది. రెండింటి కిందా నలిగింది తెలుగు ఒక్కటే.

ఇక్కడ నేను నా వాదాన్ని నేనే చీల్చుకోవలసి వచ్చింది. ప్రధాన గోదాము నమ్మదగినదే. కంప్యూటరు నడవడానికి, ఫైళ్లు దాచడానికి దాని మాటే వినాలి. కానీ తెలుగు గొంతు సంగతిలో దానికి తెలిసింది ఏమీ లేదు. ఒక సంగతిలో ప్రమాణమైనవాడు ప్రతి సంగతిలోనూ ప్రమాణమని ఒప్పుకుంటే, గుండె ఆపరేషను చేసే డాక్టరు గ్రహబలం గురించి చెప్పినా తల ఊపాల్సి వస్తుంది. ఆ మాట నేనే వేదికల మీద ఎన్నోసార్లు అన్నాను. గోదాములకు నంబర్లు వేసేటప్పుడు మాత్రం నాకది గుర్తు రాలేదు.

దారి ఉంది. ఫలానా మూట ఒక్కటీ నువ్వు ఇవ్వవద్దు అని ప్రధాన గోదాముకు చెప్పవచ్చు. పాటల గోదాముకూ అదే చెప్పవచ్చు. అప్పుడు ఆ ఒక్క మూటకు మిగిలేది తెలుగు గోదాము. మిగిలిన వాటన్నిటికీ నా వరుస అలాగే ఉంటుంది. రెండు చోట్ల ఒక్కో వాక్యం రాయాలి, అంతే. రాశాను. తెమ్మన్నాను. తెలుగు గోదాము తలుపు తెరవలేదు. కొద్దిమంది తీరిక వేళల్లో నడుపుకునే చోటు అది. వాళ్ల మెషీను ఎక్కడుందో, ఎందుకు ఆగిందో, ఎప్పుడు లేస్తుందో మాకు తెలియదు. వాళ్లకు ఈమెయిల్ రాశాను. జవాబు లేదు.

ఆ రోజుల్లో నాకు ఒకటే పని. కాలేజీలో పాఠం మధ్యలో ఆ గోదాము తలుపు తట్టేవాణ్ణి. అన్నం తింటూ లేచి వెళ్లి తట్టేవాణ్ణి. వీధిలో ఇంటర్నెట్ సెంటరు కనిపిస్తే ఆగి తట్టేవాణ్ణి. ప్రతిసారీ అదే జవాబు, దొరకలేదని. మొక్కుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇలాంటప్పుడు చేతులకు ఒక పని ఉంటుంది. మాకు ఆ పని కూడా లేదు.

ఆమె పాఠాలు ఆగకూడదని మావాళ్లు వంతులు వేసుకుని చదివి వినిపించారు. హెడ్‌మాస్టరు అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. నాలుగు వాక్యాలు చదివేవాడు, ఐదో వాక్యం దగ్గర ఆగేవాడు.

'ఇది తప్పమ్మా. పిల్లలకు తెలివి పుట్టుకతో వస్తాదంట. ఎవురు రాసినారు దీన్ని?'

'సార్, తప్పో ఒప్పో, పరీక్షలో అదే అడుగుతారు. ముందుకు పోండి.'

'పోతాను గానీ, నువ్వు రేపు టీచరువయినాక ఇది నమ్మబాకు.'

'టీచరయితే గదా సార్.'

ఆయన గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టేవాడు. కాసేపటికి మళ్లీ ఆగేవాడు. కండక్టరు డ్యూటీ దిగి వచ్చి ఊళ్ల పేర్లు అరిచే గొంతుతో చదివేవాడు. ఏర్పేడు, శ్రీకాళహస్తి అని అరిచినట్టే విద్యా మనస్తత్వ శాస్త్రం కూడా అరిచేవాడు. కింద హోటల్లో తినేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఆమె నవ్వేది. కానీ నవ్వే మనిషి వేళ్లు ఊరికే కుర్చీ చెయ్యి మీద కొట్టుకుంటూ ఉండేవి, మామ వేగాన్ని గుర్తు చేసుకుంటున్నట్టు. మేమంతా కలిసి రోజంతా చదివినది మామ ఒక పూటలో చదివి పారేసేవాడు. అది మాకందరికీ తెలుసు.

పరీక్ష ముంగిట్లోకి వచ్చాక ఒక మధ్యాహ్నం తెలుగు గోదాము తలుపు తెరుచుకుంది. ఆ మూట తెచ్చేముందు తెర మీద వచ్చిన పేర్లను ఒక్కొక్కటీ పైకి చదివాను. ఏది ఏ గోదాము నుంచి వస్తోందో పక్కనే రాసి ఉంటుంది. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది. హెడ్‌మాస్టరు నా భుజం మీదుగా వంగి, 'ఇది తెలుగు గోదాముదేనా? సరిగ్గా చూడప్పా' అని రెండుసార్లు అడిగాడు. అప్పుడు వై నొక్కాను.

ఆమె చెవులకు పెట్టుకుంది. తర్వాత ఆమె ఒక మీటను గబగబా నొక్కడం మొదలుపెట్టింది. వేగం పెంచుకుంటోంది.

'దీనికి ఓట్లు అడగలేదే?' అంది, తల తిప్పకుండానే.

ఆమె పరీక్ష రాసింది. ఒకాయన పక్కన కూర్చుని ఆమె చెప్పినది రాసిపెట్టాడు. ఫలితాల్లో ఆమె పేరు లేదు.

హెడ్‌మాస్టరు ఆ సాయంత్రం గదికి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. వేదిక ఎక్కితే దిగని మనిషి.

'ఆ దినాలు మామ మాట్లాడి ఉంటే వచ్చేదేమో అమ్మా.'

'వచ్చేదని రుజువు చేస్తారా సార్?'

'చెయ్యలేను.'

'వచ్చేది కాదని రుజువు చేస్తారా?'

'అదీ చెయ్యలేను.'

'అట్లయితే వదిలేయండి. మీ సంఘంలో రుజువు లేని మాట మాట్లాడరు గదా. ఒక్కటి మాత్రం అడుగుతా. ఆ ఆదివారం నన్ను యాల పిలవలా?'

ఆమె సభ్యురాలు కాదు గనుక ఓటు లేదు. ఓటు లేదు గనుక పిలవాలన్న ఆలోచన రాలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న గోదాముల మధ్య సమానత్వం గురించి మేము పూటంతా వాదించుకున్నాం. ఆ గోదాముల మీద బతుకు ఆధారపడ్డ మనిషి నాలుగు వీధుల అవతల హాస్టల్లో ఉంది. కబురు పెడితే వచ్చేది. వచ్చి, మామను ముట్టబాకండి అని ఒక్క మాట చెప్పేది. ఆ ఒక్క మాట ముందు నా వాదమూ నిలిచేది కాదు, ఆయన వాదమూ నిలిచేది కాదు. ఒకరి కోసం నిర్ణయాలు చేస్తూ వాళ్లనే గది బయట ఉంచడాన్ని మేము ఊళ్లలో ఏ పేరు పెట్టి తిట్టేవాళ్లమో మీకు తెలుసు.

తర్వాతి నోటిఫికేషన్ చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ లోపల ఆమె హాస్టలు వదిలి సత్యవేడు వెళ్లి, ట్యూషన్లు చెప్పుకుంటూ గడిపింది. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. కథ సుఖంగా ముగిసింది గదా అని కొందరు నాతో అన్నారు. మధ్యలో పోయిన ఏళ్లను ఏ గోదాము నుంచి తెచ్చిస్తారో వాళ్లనే అడిగాను.

ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను. మీ చేతిలో ఒక కంప్యూటరు ఉంది, దాన్ని వాడేవాళ్లు వేరే ఉన్నారు. ల్యాబులో పిల్లలు కావచ్చు, ఆసుపత్రి కౌంటర్లో నర్సు కావచ్చు, పాల కేంద్రంలో గుమాస్తా కావచ్చు. మీ అప్‌డేటు ఈ వారమో వచ్చే వారమో ఉంటుంది. దాన్ని ఆపండి. ముందు లేచి, ఆ వాడే మనిషి దగ్గరికి నడిచి వెళ్లండి. ఏది ఆగిపోతే నీ బతుకు ఆగిపోతుంది అని అడగండి. వాళ్లు చెప్పిన ఆ ఒక్కదాన్ని ఏ గోదాము ఇస్తోందో వెతికి పట్టుకోండి, మిగతా గోదాములు ఆ మూటను ఇవ్వకుండా దానికి కాపలా పెట్టండి. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తెర మీది పేర్లు చదవండి. ఒక్క పేరు అర్థం కాకపోయినా ఎన్ నొక్కండి.